ఒక్క మొక్క, నలభై కుండీలు

సోమవారం పొద్దున పప్పుధాన్యాల పరిశోధన కేంద్రం డైరెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసుకు వెళ్లాలి. పదకొండు దాకా పేపరు చదవాలి. ఆ తర్వాత బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా దాని మీద "చర్చించవలెను" అని రాసి వెనక్కి పంపాలి. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన శాస్త్రానికి చేసిన సేవలో ముప్పాతిక వంతు ఆ ఒక్క మాటే. కుర్చీ దిగి మొక్కల వైపు వెళ్లిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వెళ్లినప్పుడు కూడా దేన్ని ముట్టుకోవాల్సి వచ్చినా జేబురుమాలు అడ్డం పెట్టుకునే ముట్టుకునేవారు. అందుకని కేంద్రంలో అందరూ ఆయన్ని ఎదురుగా "సార్" అనీ, వెనక "రుమాలుగారు" అనీ పిలిచేవారు.

రెండో కప్పు కాఫీ సగంలో ఉండగా ఫోను మోగింది. అవతల సమీక్ష సంఘం అధ్యక్షురాలు. ఆవిడ గొంతు వినగానే రుమాలుగారు ఇంట్లో ఉన్నానన్న సంగతి కూడా మరిచి లేచి నిలబడ్డారు.

"మీ దగ్గర శనగకీ అడవి శనగకీ సంకరం కుదిరిందటగా? ఎన్ని మొక్కలున్నాయి?"

ఉన్నది ఒక్కటి. ఆ సంగతి కిందటి నెల ఫైల్లో ఆయన చదివారు. చదివినట్టు సంతకం కూడా పెట్టారు. కానీ ఒకటి అనే అంకె తన హోదాకు మరీ నాసిగా తోచింది. ఎదురుగా భోజనాల బల్ల దగ్గర ఆయన భార్య, స్కూల్లో లెక్కల టీచరు, పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పైనున్న పేపరు మీద ఎర్రసిరాతో 40 అని ఉంది.

"నలభై మేడం," అన్నారు.

"నలభయ్యా! ఇన్నాళ్లూ చెప్పరేం మరి? శుక్రవారం పొద్దున సంఘంతో వస్తాను, అన్నీ చూపించండి."

ఫోను పెట్టేశాక భార్య ఎర్రపెన్ను కింద పెట్టింది.

"మొన్న ఒకటే అన్నారుగా?"

"ఒకటే. పెరుగుతుందిలే."

"మొక్క పొడుగు పెరుగుతుంది గానీ లెక్క పెరుగుతుందిటండీ? ఈ నలభై తెచ్చుకున్నవాడు మా క్లాసులో ఆఖరివాడు. వాడు కూడా ఒకటిని నలభై అనడు."

రుమాలుగారు మిగిలిన సగం కాఫీ తాగేశారు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఇంట్లోవాళ్లతో వాదన దేనికి?

ఆ ఒక్క మొక్కా ఊరికే పుట్టింది కాదు. గ్రీన్‌హౌసు బాధ్యతంతా చూసేది యాభై దాటిన ఒకావిడ. ఆవిడను అందరూ మొక్కలక్క అంటారు. మూడేళ్లపాటు ఆవిడ రోజూ తెల్లవారగానే బల్లల మధ్య చిన్న స్టూలు వేసుకుని కూర్చునేది. బియ్యపుగింజంత మొగ్గను పటకారుతో విప్పి, అందులోని పుప్పొడి తిత్తులు తీసేసి, అడవి శనగ పుప్పొడి అద్ది, గుర్తుకు దారం కట్టేది. అలా పదకొండు వందల పూలు. కాయ కట్టినవి తొమ్మిది. అందులో ఎనిమిది తాలు. మిగిలిన కాయలో ఉన్న ఒక్క గింజే మొలిచింది. అడవి శనగకు వేరుకుళ్లు తెగులు రాదు; పొలాల్లో వేసే శనగ ఏటా ఆ తెగులుకే చేలకు చేలు ఎండిపోతోంది. ఎండిపోయిన వాటిలో మొక్కలక్క అన్నగారి చేను కూడా ఉంది. అందుకే ఆ మొక్కను ఆవిడ పచ్చి బాలింత బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేది.

ఆవిడ కోరిక ఒక్కటే. ఒంటి మొక్క మహా కాస్తే పాతిక ముప్పై గింజలు కాస్తుంది. తర్వాతి తరంలో వందల మొక్కలు పెంచి, వాటిలోంచి ఏరుకుంటే గానీ రైతుకు పనికొచ్చేది దొరకదు. అదే పక్క కొమ్మలు నాలుగు కోసి, తడి ఇసుకలో గుచ్చి వేళ్లు పుట్టిస్తే ఆ మొక్కే మరో నాలుగవుతుంది, గింజలూ అన్ని రెట్లవుతాయి. తల్లికేమైనా అయినా పిల్లలుంటాయి. కొమ్మలు కోయడానికి అనుమతి ఇమ్మని ఐదుసార్లు రాసింది. ఐదుసార్లూ "చర్చించవలెను" అని వెనక్కి వచ్చింది. చర్చించడానికి వెళితే ఐదుసార్లూ సార్ మీటింగులో ఉన్నారు.

ఇప్పుడు సారే స్వయంగా గ్రీన్‌హౌసుకు వచ్చి, తలుపు గొళ్లేన్ని రుమాలుతో తీసి, "కొమ్మలు కోయండమ్మా, అనుమతి ఇస్తున్నా," అనేసరికి మొక్కలక్క స్టూలు మీంచి లేచి నిలబడిపోయింది.

"నిజంగానా సార్?"

"నలభై కావాలి. శుక్రవారానికి."

"ఏ శుక్రవారం సార్?"

"ఈ శుక్రవారమే."

మొక్కలక్క మొహంలో సంతోషం ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగా పోయింది. "వేళ్లు రావడానికే మూడు వారాలు పడుతుంది సార్."

"వేళ్లు మట్టిలో ఉంటాయి. ఎవరికి కనిపిస్తాయి?"

"కనిపించడానికి కాద్సార్, బతకడానికి. ఇది మోకాలి ఎత్తు కూడా లేదు. ఇంకో ఐదారు కొమ్మలు తీయొచ్చు. అంతకు మించితే తల్లి కూడా దక్కదు."

"చూడమ్మా, నేను కొమ్మలతో మొక్కలు పెంచడం మీదే థీసిస్ రాసినవాణ్ణి."

"తెలుసు సార్. ఆ మొక్కలు పెంచింది నేనేగా."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. రుమాలుగారు ఆ మధ్యాహ్నమే ఒక ఉత్తర్వు తయారు చేయించారు. "పై అధికారులతో సత్సంబంధాలు" అనే అంశం మీద బుధవారం నుంచి మూడు రోజుల శిక్షణకు మొక్కలక్కను పంపిస్తున్నట్టు దాని సారాంశం. మంగళవారం సాయంత్రం ఆవిడ ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"వెళ్తాను సార్. నేను తిరిగొచ్చేదాకా దాన్ని మాత్రం ముట్టుకోకండి."

"నేను మొక్కల్ని ముట్టుకోనని మీకు తెలియదా?" అన్నారు రుమాలుగారు, నొచ్చుకుంటూ.

బుధవారం మధ్యాహ్నం ఆయన ఆ కుండీని కారు వెనకసీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి ఇంటికి తెచ్చారు. కేంద్రంలో కోస్తే పదిమందీ చూస్తారు. ఇంట్లో అయితే చూసేది అత్తగారొక్కరే. ఆవిడ నెలరోజులుగా కూతురి దగ్గరే ఉంటోంది. వరండాలో ఉతికిన బట్టలు మడతపెడుతూ, అల్లుడు మీసాలు కత్తిరించుకునే కత్తెరా, స్కేలూ పట్టుకుని రావడం చూసింది.

"కొమ్మలు నాటతారా అల్లుడుగారూ? అయితే కణుపుకి సరిగ్గా కిందుగా కొయ్యండి. వేరు పుట్టేది అక్కడే. కింది ఆకులు తుంచెయ్యండి."

"ఇది గులాబీ కాదండీ. శాస్త్రం."

"శాస్త్రానికి కణుపులుండవా నాయనా?"

రుమాలుగారు స్కేలు ఆనించి సరిగ్గా మూడంగుళాలకొక ముక్క చొప్పున కోయడం మొదలుపెట్టారు. కణుపు మధ్యలో పడ్డా సరే, కొస మిగిలినా సరే, కొలత మాత్రం తప్పలేదు. మొదట పక్క కొమ్మలు అయిపోయాయి. తర్వాత తల పోయింది. తర్వాత నడుము పోయింది. ఆఖరికి కుండీలో అగ్గిపుల్లంత మోడు, పక్కన పంతొమ్మిది ముక్కలు మిగిలాయి. ఇంకా ఇరవై ఒకటి తక్కువ.

స్కూలు నుంచి వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేమిటండీ, మేక పడ్డట్టుంది?"

"నలభైలో పంతొమ్మిది పోతే ఎంత?"

"ఇరవై ఒకటి. ఆ లెక్కకి నేను కావాలా?"

ఆయన అప్పటికే ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల కొత్తిమీర కట్ట ఒకటి నవనవలాడుతోంది. సన్నటి కాడలు, పళ్లు పళ్లుగా చిన్న ఆకులు. ఆయన కళ్లకు అది అచ్చం శనగలాగే కనిపించింది. ఇరవై రెండేళ్లుగా పప్పుధాన్యాల మీద జీతం తీసుకుంటున్న కళ్లు మరి.

"అది కొత్తిమీర నాయనా," అంది అత్తగారు, అల్లుడికి మతి చలించిందేమోనని మెల్లగా.

"కాస్త దూరం నుంచి చూడండి."

"దూరం నుంచి చూస్తే మీరు కూడా సైంటిస్టులాగే కనిపిస్తారు," అంది భార్య.

కోసిన చివరలు ఏదో తెల్లటి పొడిలో ముంచాలని థీసిస్‌లో రాసిన గుర్తు. వేళ్లు పుట్టించే ఆ పొడి డబ్బా కేంద్రంలోనే ఉండిపోయింది. ఇంట్లో ఉన్న తెల్లటి పొడి భార్య మొహానికి రాసుకునేది. తెలుపు తెలుపే గదా అని నలభై చివర్లనూ అందులోనే ముంచి, పాత పేపర్లో చుట్టి పెట్టారు. గురువారం మనుషులంతా భోజనాలకు వెళ్లిన వేళ చూసి, మట్టి నింపి ఉంచిన నలభై కుండీల్లో తానే ఒక్కొక్కటి గుచ్చారు. ప్రతి కుండీకీ "అరుదైన సంకరం" అని అచ్చు వేయించిన చీటీ అంటించారు. మోడు మిగిలిన కుండీని బల్ల కింద, నీళ్ల క్యాను వెనక్కి తోశారు. పని పూర్తయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగింది. అందులో కొత్త ఏమీ లేదు.

శుక్రవారం పదిన్నరకు అధ్యక్షురాలు వచ్చింది. వెంట ఒక సభ్యుడు. ఆయన ఏదో లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మొక్కల సంగతి ఆయనకు తెలియదు. అందుకని విన్న ప్రతిదీ నోటుబుక్కులో రాసుకుంటాడు. గ్రీన్‌హౌసు తలుపు తీయగానే ముగ్గురికీ గుప్పున వాసన కొట్టింది. సగం పౌడరు, సగం కొత్తిమీర.

"ఈ వాసనేమిటి?" అంది అధ్యక్షురాలు.

"సంకరం వాసన మేడం. అడవి శనగ నుంచి వచ్చింది."

సభ్యుడు రాసుకున్నాడు.

బల్ల మీద నలభై కుండీలూ వరసగా ఉన్నాయి. నలభైలోనూ నలభై తలలూ వాలిపోయి ఉన్నాయి. శ్రాద్ధానికి వచ్చిన చుట్టాల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి.

"ఇలా వాలిపోయాయేం?"

అబద్ధానికి అలవాటుపడ్డ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. "పప్పుజాతి మొక్కలు రాత్రిపూట ఆకులు ముడుచుకుని నిద్రపోవడం మీకు తెలిసిందేగా మేడం."

"ఇప్పుడు పొద్దున పదిన్నరండీ."

"మనకు. ఆ అడవి శనగది దూరదేశం. అక్కడ ఇప్పుడు రాత్రి."

సభ్యుడు తల ఊపి, ఆ దూరదేశపు టైము కూడా లెక్కగట్టి రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ, కుతూహలం కొద్దీ, దగ్గరగా ఉన్న ఒక ముక్కను పట్టుకుని పైకి లాగాడు. అది ఏ అడ్డూ లేకుండా, అగరొత్తిలా చేతికి వచ్చేసింది.

"దీనికి వేళ్లు లేవేంటండీ?"

రుమాలుగారు రుమాలుతో మొహం తుడుచుకున్నారు. నిండా మునిగినవాడికి చలేమిటి?

"అదే కదండీ ఇందులో గొప్ప. శనగకు అసలు శత్రువు వేరుకుళ్లు తెగులు. వేరంటూ ఉంటేగా కుళ్లడానికి?"

సభ్యుడి కలం ఆగిపోయింది. కళ్లు చెమర్చాయి. "ఇంత చిన్న విషయం ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టలేదంటే..." అంటూ రుమాలుగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తన ఫోనుతో ఆయన్ని కుండీల పక్కన నిలబెట్టి నాలుగు ఫొటోలు కూడా తీశాడు. రుమాలుగారు మెడ సాచి నిలబడ్డారు. అబద్ధం అని తనకు తెలిసినా, మూడో ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఆయనకే నమ్మకం కుదిరింది.

అధ్యక్షురాలు మాత్రం కుండీల మీదికి వంగింది. ఒక కుండీలోంచి ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుని నమిలింది. తర్వాత సభ్యుడి వైపు తిరిగింది.

"మీరు ఆఫీసులో కూర్చుని టీ తాగుతూ ఉండండి. మేం వస్తాం."

సభ్యుడు వెళ్లిన తలుపులోంచే మొక్కలక్క లోపలికి వచ్చింది. సత్సంబంధాల శిక్షణ ఇచ్చేవాడు ఆఖరిరోజు తన పై అధికారితో గొడవపడి వెళ్లిపోవడంతో శిక్షణ పొద్దున్నే ముగిసింది. ఆవిడ నేరుగా బస్సు దిగి వచ్చింది. కుండీల వైపు చూడనైనా చూడలేదు. మొక్క ఉండాల్సిన చోటు చూసింది. తర్వాత వంగి, బల్ల కింద నీళ్ల క్యాను జరిపి, ఆ మోడును బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

"పదకొండు వందల పూలు సార్," అంది. అరవలేదు, ఏడవలేదు. వేలితో మోడు కొసను తడిమి చూసింది. "మధ్యలోకి కోశారు. ఒక్క కణుపైనా ఉంచలేదు. ఇక చిగురు కూడా వెయ్యదు."

రుమాలుగారు చూపు తిప్పుకుని ఆవిడ స్టూలు వైపు చూశారు. పదకొండు వందల పొద్దులు అంటే ఎంతో ఆయనకు అప్పుడు, ఆ స్టూలు ఖాళీగా కనిపించినప్పుడు, కాస్త లీలగా తెలిసింది. పాపం, అలవాటు లేని అనుభవం కావడంతో అజీర్ణమనుకున్నారు.

"సగం కొత్తిమీర," అంది అధ్యక్షురాలు, నోట్లోది రుమాల్లోకి ఉమ్మి.

"మేడం, నన్ను క్షమించాలి. నలభై అని నోరుజారాను. అసలు ఉన్నది ఒక్కటే."

ఇప్పుడు పిడుగు పడుతుందని ఆయన కళ్లు మూసుకున్నారు. ఎంతకీ పడకపోయేసరికి ఒక కన్ను తెరిచారు. అధ్యక్షురాలు ఖాళీగా ఉన్న ఆ స్టూలు మీద కూలబడి, నుదురు పట్టుకుని ఉంది. తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో రుమాలుగారు రోజూ అద్దంలో చూసుకునే మనిషి కాబట్టి వెంటనే గుర్తుపట్టారు.

"మీరు నలభై అన్నారు," అంది ఆవిడ సన్నగా. "నలభై అని పైవాళ్లకు చెబితే ఏం బాగుంటుందని నేను నాలుగొందలని చెప్పాను. వచ్చే నెల వాళ్లు చూడ్డానికి వస్తున్నారు."

నేల మీద కూర్చున్న మొక్కలక్క తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ తను కాగితాలు పంపింది ఎవరికో, ఆ పైన ఎవరికో, ఆవిడకు ఒక్కసారిగా కళ్లకు కట్టింది. మోడును పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది.

"రండి," అంది. "సార్" అనలేదు.

ఆవిడ తీసుకెళ్లింది పాత ఫైళ్ల గదికి. ఆ గదికి ఉత్తరంవైపు పెద్ద కిటికీ ఉంది. ఎండ నేరుగా పడదు, వెలుతురు బాగా వస్తుంది. ఫైళ్లు ఒకసారి లోపలికి వెళితే మళ్లీ తీసే ఆచారం లేదు కాబట్టి కేంద్రం మొత్తంలో దానికి మించి మనిషి అడుగుపెట్టని చోటు లేదు. కిటికీ గట్టు మీద ఇసుక ట్రే, దాని మీద సగానికి కోసి బోర్లించిన ఆరు నీళ్ల సీసాలు. ఒక్కో సీసా లోపలా ఆవిరి పట్టి, ఆ ఆవిరి వెనక పచ్చగా ఒక్కో మొక్క.

"ఐదోసారి కూడా కాగితం వెనక్కి వచ్చాక, పక్క కొమ్మలు ఆరు నేనే కోసుకున్నాను. ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు," అంది. ఒక సీసా ఎత్తి, చెంచాతో ఇసుక కదిలించి చూపించింది. దారప్పోగుల్లా తెల్లటి వేళ్లు.

అధ్యక్షురాలు ఆ వేళ్లను చూసిన చూపులో ఉన్నంత భక్తి గుళ్లల్లో కూడా తక్కువగా కనిపిస్తుంది. "ఇవి నాలుగొందలు ఎప్పటికవుతాయమ్మా?"

"కావు. ఆరే ఉన్నాయి కాబట్టి ఆరే అని పైకి రాయండి. ఇవి కాస్త ముదిరాక వీటి నుంచి నేను కొమ్మలు తీస్తాను. ఎన్ని తీయాలో నేనే చెప్తాను. గ్రీన్‌హౌసు తాళం నా దగ్గరుంటుంది. నా కాగితం మీద ఎవరూ ఏమీ రాయకూడదు, సంతకం తప్ప."

"ఆరని ఎలా రాస్తానమ్మా? నా పరువేం కాను?"

"అయితే మీ ఇష్టం. వాళ్లొచ్చినప్పుడు కొత్తిమీర చూపించుకోండి."

ఆ మధ్యాహ్నం ఆఫీసులో నాలుగు గంటలు ఆలోచించి, ఇద్దరు పెద్దలూ కలిసి ఒక లేఖ రాశారు. ఆరుకు బదులు నాలుగు వందలు అని పడటం టైపు చేసినవాడి పొరపాటని, అతణ్ణి గట్టిగా మందలించామని అందులో ఉంది. కేంద్రంలో టైపు చేసేవాడి ఉద్యోగం ఖాళీ అయి ఆరేళ్లయింది. మొక్కలక్క షరతులకు ఇద్దరూ సంతకాలు పెట్టారు. రుమాలుగారు పెట్టిన సంతకం మాత్రం కాస్త వంకర పోయింది. "చర్చించవలెను" అని రాయకుండా పెట్టడం అలవాటు లేక.

ఆ సీజన్ పూర్తయ్యేసరికి ఆరు మొక్కలు ముప్పై ఎనిమిదయ్యాయి. వాటి గింజలన్నీ కలిపి దోసిలి నిండా వచ్చాయి. మరుసటి ఏడు వాటిని ఒక తెగులు మడిలో, వేరుకుళ్లు కావాలని వదిలిన నేలలో, వేశారు. చాలా చచ్చిపోయాయి. నూట పద్దెనిమిది మాత్రం నిలబడ్డాయి. వాటిని చూడ్డానికి మొక్కలక్క అన్నగారు వచ్చి, గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

రుమాలుగారికేమో ప్రమోషన్ వచ్చింది. వేరు లేని శనగ సంగతి లెక్కల సభ్యుడు నోటుబుక్కు సాక్షిగా అందరికీ చెప్పడంతో, అంత బుర్ర ఒక్క కేంద్రంలో ఉండిపోకూడదని ఆయన్ని ప్రధాన కార్యాలయానికి తీసుకుపోయారు. అక్కడ పదో అంతస్తులో గది ఇచ్చారు. చుట్టుపక్కల ఎక్కడా పచ్చటిదేమీ లేదని విని కేంద్రంలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆయన స్థానంలో వచ్చిన కొత్త డైరెక్టరుకు మొక్కల గురించి ఏమీ తెలియదు. కాకపోతే, ఆ సంగతి ఆయనకు తెలుసు.